వెనుక కూర్చున్నవాని నేరం

తాగి వాహనం నడపడం వలన కలిగే అనర్థాలను గూర్చి వ్యాసం వ్రాయవలసిందిగా మా పత్రికా సంఘంవారు కోరినప్పుడు, ఉపదేశించడం సులభమే అనుకున్నాను. కలం పట్టిన తరువాత గాని ఆ ఉపదేశానికి నాకున్న అర్హత ఎంతటిదో తెలిసిరాలేదు. అందుచేత ముందుగా ఒక ఒప్పుకోలు.

పన్నెండేళ్ళ క్రిందట, ఎం.ఏ. పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో, భద్రాచలంలో ఒక మిత్రుని వివాహానికి వెళ్ళాను. వేసవి రాత్రి. తిరుగు ప్రయాణంలో నాతో చదువుకున్న మరొక మిత్రుడు తన మోటారు సైకిలుపై పాల్వంచ దాకా దింపుతానన్నాడు. దగ్గరకు రాగానే మద్యం వాసన గుప్పుమన్నది. నా ముఖం చూసి, "ఏం భాయ్, భయమా? ఈ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు" అని నవ్వాడు. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. కాని నేను ముస్లింను. నా మతంలో మద్యం నిషిద్ధం. వారిస్తే మతబోధ అనుకుంటారేమో, పదిమందిలో అతని మనస్సు నొచ్చుకుంటుందేమో అని మొహమాటపడ్డాను. మారు మాటాడక వెనుక కూర్చున్నాను.

గోదావరి వంతెన దాటాం. సారపాక దాటాం. ఆ పైన ఇరువైపులా అడవి, చీకటి. ఎదుటి లారీల వెలుగు కళ్ళలో పడినప్పుడల్లా దారి కనిపించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా సాగిపోతుంది. మద్యం మెదడును మందగింపజేసి, బ్రేకు నొక్కడాన్ని అరసెకను ఆలస్యం చేసినా చాలు, 8 మీటర్లు చేయి దాటిపోయినట్లే. ఆ 8 మీటర్లలోనే, సంత నుండి ఇంటికి మరలుతున్న ఒక కోయ వృద్ధుడు ఉన్నాడు.

ఆయనకు ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. ఇప్పసారా తాగుతారని అడవి బిడ్డలను ఈసడించే చదువరులను ఎందరినో చూశాను. ఆ రాత్రి తాగనివాడు ఆ వృద్ధుడు; తాగినవాడు పట్టభద్రుడు. విచారణకు వచ్చినవారు "అతడు తాగి ఉన్నాడా?" అని నన్నడిగారు. "నేను గమనించలేదు" అన్నాను. మొదటిది మౌనం, రెండవది అబద్ధం. రెండింటినీ కన్నతల్లి మొహమాటమే.

మరుసటి ఏడు ఆ ఇంటికి వెళ్ళాను. తాత చేలోకి పోలేకపోవడంతో, ఆశ్రమ పాఠశాలలో చదువుతున్న మనుమరాలు చదువు మాని తునికాకు కోతకు పోతున్నది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. "కూర్చో సారూ" అని మంచం చూపాడు. ఆ మంచంపై నేను కూర్చోలేకపోయాను.

మత్తు మొదట హరించేది వివేకాన్ని. తాను బాగానే ఉన్నానని తాగినవాడు నిజంగానే నమ్ముతాడు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీటి స్నానం, వీటిలో ఏదీ రక్తంలోని మద్యాన్ని తగ్గించదు. అందుకు గంటల కాలం పట్టవలసిందే. కనుక ఆపవలసిన బాధ్యత తాగనివానిపై పడుతుంది. చట్టం చెప్పేదీ ఇదే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యంతో బండి నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం నేరం. 2019 నాటి సవరణతో మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ నేరానికి ప్రోత్సాహమిచ్చిన వానికీ అదే శిక్ష అంటున్నది 188వ సెక్షను.

2016 జూలై 1న హైదరాబాదు పంజాగుట్టలో మద్యం సేవించిన విద్యార్థుల కారు అదుపు తప్పి ఎదుటి కారుపై పడింది. ఒక బడిపిల్లను, ఆమె కుటుంబంలో మరి ఇద్దరిని బలిగొన్నది. ఆ కారులో ఉన్నవారంతా మీ ఈడువారే. వారిలో ఒక్కడు "తాళంచెవి ఇటు ఇవ్వు" అని ఉంటే?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధాన్ని తెచ్చింది. ఎం.ఏ. చదివిన నాకు నోరు పెగలలేదు; వారికి పెగిలింది.

ప్రియ విద్యార్థులారా! మిత్రుడు ఒక పూట అలిగితే అలుగనివ్వండి. తాళంచెవి మాత్రం తీసుకోండి. కళాశాల సంఘంవారికి నా మనవి ఒక్కటే: వీడ్కోలు సభలు, విందులు చివరి బస్సు వేళకు ముందే ముగిసేటట్లు చూడండి.

ఈ సంచిక అచ్చయిన వెంటనే ఒక ప్రతిని ఆనాటి మిత్రునికి పంపుతాను. అతనికి కోపం రావచ్చు. పన్నెండేళ్ళ క్రిందటే రావలసిన కోపం అది.