మా అమ్మాయికి పాఠం వచ్చు

ముట్లాగిపోయిన రెండేళ్లకు మళ్లీ ఎర్రమరకలు కనిపించాయి. మొదట చుక్కలే. తర్వాత నడుం నొప్పి, నీచు వాసన. నరసాపురం పక్క ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. బోర్డు వైపు తిరగాలంటే భయం, చీర వెనక మరక పడిందేమోనని. చూపించుకున్న డాక్టరు గారు బల్ల ఎక్కించకుండానే "ఈ వయసులో మామూలేనండి" అని బిళ్లలు రాశారు. వేసుకున్నన్నాళ్లు ఆగేది, మానేస్తే మళ్లీ మొదలు.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు పరీక్షలకు ఇంటికొచ్చి చదువుకునేది. పైకి చదివితే గానీ దానికి బుర్రకెక్కదు. ఇంగ్లీషులో చదివి, తెలుగులో తనకు తానే చెప్పుకునేది: 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయాలి, పలచటి ఎసిటిక్ ఆమ్లం రాసి ఒక నిమిషం ఆగాలి, తెల్లమచ్చ తేలితే అనుమానించాలి, ముట్లాగాక రక్తం కనిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదు. వంటింట్లో పప్పు తిరగమోత పెడుతూ అంతా విన్నాను. అది చదువుతున్నది నా గురించేనని నాకూ తట్టలేదు, దానికీ తట్టలేదు. నా జబ్బు సంగతి దానికి చెప్పలేదు, అదీ అడగలేదు. ఆ పేపర్లో దానికి మంచి మార్కులే వచ్చాయి.

బళ్లో కళ్లు తిరిగి పడిపోయాక భీమవరం తీసుకెళ్లారు. అక్కడి లేడీ డాక్టరు గారు లోపల చూసి, మా వారిని కూడా గదిలోకి పిలిచారు. అప్పుడే అర్థమైంది. ముక్క తీసి పంపితే గర్భాశయ ముఖద్వార క్యాన్సరేనని వచ్చింది. ఆపరేషన్‌తో పోయే దశ దాటిపోయింది, రేడియేషన్, అదే కరెంటు, పెట్టించాలన్నారు.

విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పక్కనే గది అద్దెకు తీసుకున్నాం. వారానికి అయిదు రోజులు కరెంటు, ఒకరోజు సెలైన్లో మందు. కరెంటుకు ముందు కడుపు నిండా నీళ్లు తాగి, ఒంటేలు ఆపుకుని వరుసలో కూర్చోవాలి. మూత్రాశయం నిండి ఉంటే పేగులకు దెబ్బ తక్కువట. యాభై దాటిన ఆడవాళ్లం కాళ్లు బిగబట్టుకుని కూర్చుంటే, మిషను ఆగిపోయిందని ఒకరోజు కబురొచ్చింది. అందరం లేచి పరుగు. నవ్వుకున్నాం కూడా. మూడో వారం నుంచి నవ్వు లేదు. నీళ్ల విరేచనాలు, చర్మం మాడిపోవడం, అన్నం వాసనకే వాంతి. చివర్లో లోపలి నుంచి పెట్టే కరెంటు. మత్తిచ్చి గొట్టాలు అమర్చి, అవి కదలకూడదని గంటల తరబడి వెల్లకిలా పడుకోబెట్టారు. మత్తు దిగాక పడ్డ బాధ రాయలేను.

మా అమ్మాయి సెలవు పెట్టి నా బట్టలు ఉతికింది. హాల్లో కూర్చుని ఫోన్లో చూసి ఒక లెక్క చెప్పింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. "మీ క్లాసులో ఎంతమంది అమ్మలకు చేయించారే?" అన్నాను. ఫోన్ చేసి కనుక్కుంది. ఒక్కరికీ లేదు.

దాన్ని నిందించను. ఈ జబ్బు ముదరడానికి సాధారణంగా పదేళ్ల పైనే పడుతుందట. ముట్లాగాక ఆ ఎసిటిక్ ఆమ్లం పరీక్షలో సరిగ్గా తేలదు కూడా. అంటే నాకు ఆ పరీక్ష నలభైల్లోనే జరగాల్సింది. ఆ ఏళ్లలో నులిపురుగుల మాత్రలకూ ఐరన్ మాత్రలకూ మా బడికి ఎందరు ఆరోగ్య సిబ్బంది వచ్చారో! స్టాఫ్‌రూములో కూర్చుని టీ తాగారు. టీచర్లను మాత్రం "మీరు చేయించుకున్నారా?" అని ఒక్కరూ అడగలేదు. వాళ్లూ ఒకప్పుడు ఇదే పాఠం బట్టీపట్టి పాసైనవాళ్లే. చదువుకునేటప్పుడు ఇంట్లో అడగని పిల్ల, ఉద్యోగంలో చేరాక ఊళ్లో అడుగుతుందా? పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని, నాకైతే లోపం అక్కడే కనిపిస్తోంది. మా అమ్మాయి కాలేజీ రికార్డులో ఇన్ని కాన్పులు చూడాలి, ఇన్ని చేయాలని లెక్క ఉంది. ఇన్ని ముఖద్వార పరీక్షలు చేయాలన్న గడి లేదు.

2024 నవంబరులో ప్రభుత్వం ఇంటింటికీ క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టింది. మా వీధిలో అరుగుల మీద లేసు అల్లుకునే ఆడవాళ్లు ఏఎన్ఎం రాగానే "మాకేం లేదండి" అని లోపలికి వెళ్లిపోయేవారు. మా అమ్మాయి వెళ్లి వాళ్ల పక్కనే అరుగు మీద కూర్చుంది. "మా అమ్మకీ ఏం లేదనే అనుకున్నామండి" అంది. తర్వాత కొందరు పరీక్షకు వెళ్లారు. అందరూ కాదు.

నాకు ఇప్పుడు జబ్బు లేదన్నారు. చెకప్‌లకు వెళ్తున్నాను. నర్సింగ్, ఏఎన్ఎం, ఎంబీబీఎస్ చదివే పిల్లలకు ఒక్క మనవి. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మని, పిన్నిని, మేనత్తని అడగండి. సిగ్గుపడి మాట దాటేస్తారు, మళ్లీ అడగండి. దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాలేజీ పెద్దలు ఆ గడి ఒకటి రికార్డులో చేర్పించండి.