గాలం ఖీమత్

మా చిన్నోడు వారం నుంచీ ఒకటే జిద్. ఏడు వేల రూపాయల గాలపు కర్ర కొనివ్వాలట. ఫోనులో రీలు చూపిస్తాడు, రబ్బరు కప్ప ఎర చూపిస్తాడు. "అబ్బా, ఇదుంటే ఎంత పెద్ద కొరమీనైనా పడాల్సిందే" అంటాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఇరవై ఏళ్ల కింద ఆ జిద్ నాదే మరి.

కువైట్ నుంచి సెలవు మీద వస్తూ ఖీమతీ ఫైబర్ కర్ర, రీలు తెచ్చుకున్నాను. మా అబ్బాజాన్ దగ్గరున్నది వెదురు కర్ర, నైలాన్ దారం, జీలుగు బెండు. ఫజర్ నమాజ్ అయ్యాక ఇద్దరం బాపట్ల దగ్గర కొమ్మమూరు కాలువ గట్టుకు వెళ్లాం. నేను కాలువ మధ్య దాకా విసిరాను. రీలు గిర్రున తిరిగే చప్పుడే నాకు పెద్ద షాన్. అబ్బాజాన్ దారం విప్పనే లేదు. అరగంట ఖామోష్‌గా నీళ్లు చూస్తూ కూర్చున్నారు.

"కొరమీను గాలి కోసం పైకొస్తుంది బేటా. ఎక్కడ బుడగ లేచిందో చూడు" అన్నారు.

తూటికాడ పొదల పక్కన బుడగ లేచింది. ఆయన ఎర అక్కడే పడింది. మధ్యాహ్నానికి ఆయన సంచిలో రెండు చేపలు, నా సంచి ఖాళీ.

తిరిగి వస్తుంటే ఒకచోట ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైకి వచ్చాయి. అడుగున కొరమీను కాపలా కాస్తుంటుంది, పిల్లల దగ్గరికి ఏదొచ్చినా మీద పడుతుంది. నేను గబుక్కున కర్ర ఎత్తాను. అబ్బాజాన్ చెయ్యి పట్టుకున్నారు. "వదిలెయ్. పిల్లలు యతీమ్ అయిపోతాయి."

మళ్లీ కువైట్ వెళ్లాక జిమ్ కార్బెట్ రాసిన షికార్ కథలు చదివాను. 436 మందిని చంపిందని లెక్కగట్టిన చంపావత్ ఆడపులిని ఆయన 1907లో వేటాడారు. రైఫిల్ తూటాలు అయిపోయాయి. గాయపడిన పులి ఎదురుగా ఉంది. పరుగెత్తి తహసీల్దారు చేతిలోని పాత తుపాకీ తీసుకుని, దాంతోనే పని ముగించారు. పేరున్న రిగ్బీ రైఫిల్ ఆయన చేతికొచ్చింది ఆ తర్వాతే, ఆ పులిని చంపినందుకు ఇనామ్‌గా! అంటే హునర్ ముందు, సామాను వెనక.

అలాగని సామాను దండగ అనను. అబ్బాజాన్ కర్రకు పైసా పెట్టకపోయినా, గాలపు ముల్లు మాత్రం ఏరి ఏరి మంచిదే కొనేవారు. ముల్లు మొద్దుబారితే సబర్ అంతా నీళ్లపాలే కదా.

నా బాధ వేరే. నేను సెలవుకు వచ్చినప్పుడల్లా కొత్త సామాను తెచ్చాను గానీ, ఆయన పక్కన కూర్చుని నీళ్లు చదవడం నేర్చుకోలేదు. అబ్బాజాన్ ఇంతిఖాల్ అయి తొమ్మిదేళ్లు. నా ఫైబర్ కర్ర అటక మీద ఉంది. ఆయన తజ్రుబా ఆయనతోనే మట్టిలో కలిసింది.

అందుకే చిన్నోడికి ఒక షరతు పెట్టాను. నాలుగు ఆదివారాలు ఉత్త చేతులతో నాతో గట్టుకు రావాలి. బుడగ ఎక్కడ లేచిందో వాడే చూసి చెప్పాలి. ఆ తర్వాత కర్ర సంగతి చూద్దాం. వాడికి నేర్పడానికి నాకు సగమే తెలుసు. మిగతా సగం, ఇన్షా అల్లాహ్, ఇద్దరం కలిసి నేర్చుకుంటాం.