ఇంటి తోట

బెంగళూరుకు ఉద్యాన నగరమని పేరు. ఆ పేరు రావడానికి లాల్‌బాగ్, కబ్బన్ పార్కు ఎంత కారణమో, ఇళ్ళ ముందు పెంచుకున్న చిన్న తోటలూ అంతే కారణం. 1898లో ప్లేగు వచ్చిన తరువాత మల్లేశ్వరం, బసవనగుడి ప్రాంతాలకు తరలివచ్చినవారు ఇంటి చుట్టూ కొంత ఖాళీ స్థలం వదిలి ఇళ్ళు కట్టుకున్నారు. ముందు మందారం, పారిజాతం. పెరట్లో కరివేపాకు, కొబ్బరి. అంత శ్రద్ధగా పెంచిన తోట ఇంటివారికేనా? చూడవచ్చినవారికీ అందులో పాలు ఉందా?

తలుపు మూసుకునేవారి మాటను కొట్టిపారేయలేం. తెల్లవారుజామున షికారుకు వచ్చేవారిలో కొందరు సంచి పట్టుకొని, గోడ మీదుగా వంగిన కొమ్మల పూలన్నీ కోసుకుపోతారు. ఇంటి దేవునికి ఒక్క పువ్వు మిగలదు. విచిత్రమేమిటంటే, ఆ కోసుకుపోయిన పూలు కూడా పూజకే! చూడవచ్చిన పిల్లవాడు మడిలో కాలు పెడితే నెల రోజుల నారు నేలపాలు. అదీగాక, సాయంత్రం ఎవరితోనూ మాట్లాడకుండా మొక్కలకు నీళ్ళు పోసే ఆ అరగంట కోసమే తోట పెంచేవారున్నారు. వారిని లోభులనడం న్యాయం కాదు.

అయితే లాల్‌బాగ్ కథ మరొకటి చెబుతుంది. 1760లో హైదర్ అలీ దానిని తన తోటగా వేయించాడు. టిప్పు సుల్తాన్ దూరదేశాల నుండి విత్తనాలు, మొక్కలు తెప్పించాడు. అప్పుడది ఏలినవారి తోట. 1856లో అది ప్రభుత్వ వృక్షోద్యానమయింది. 1874 నుండి దాని బాగోగులు చూసిన జాన్ కామెరాన్ ఎన్నో విదేశీ మొక్కలను అక్కడ పెంచాడు. తెలుగువారు బెంగళూరు వంకాయ అని పిలిచే కాయ వాటిలో ఒకటి. దాని పుట్టినిల్లు మెక్సికో ప్రాంతం. తోట గోడ దాటకపోతే ఆ తీగ మన పెరళ్ళకు ఎలా వచ్చేది?

లాల్‌బాగ్ గాజు మందిరంలో ఏటా జనవరి, ఆగస్టు నెలల్లో పుష్ప ప్రదర్శనలు జరుగుతాయి. ఆ సందర్భంలో మైసూరు ఉద్యాన కళా సంఘం ఇంటి తోటలకు పోటీలు పెడుతుంది. న్యాయనిర్ణేతలు ఇళ్ళకే వచ్చి చూస్తారు. బహుమతి మాట అలా ఉంచి, కొత్త కన్ను వల్ల లాభముంది. గులాబీ ఆకుల మీది మచ్చ రోజూ చూసేవారికి అలవాటైపోతుంది. వచ్చినవారికి అది వెంటనే కనబడుతుంది.

ఇప్పుడు ఖాళీ స్థలాలు తగ్గాయి. తోట మిద్దె మీదికి ఎక్కింది. దాన్ని చూడాలంటే చాలా ఇళ్ళలో నడవ దాటి, వంటింటి పక్క మెట్లు ఎక్కాలి. తోట చూపడమంటే ఇల్లు చూపడమే. అందుకే కొందరు ఆదివారం ఉదయం మాత్రమే రమ్మంటారు. వచ్చినవారు చెప్పులు కింద విడిచి పైకి వెళ్తారు. దిగేటప్పుడు వారి చేతిలో తడిగుడ్డ చుట్టిన కొమ్మ ఒకటి ఉంటుంది.