హైపో – హైపర్

ఒక్క మాటకు అర్థము తెలియకపోవుటచే ఇంటిలో నెంతటి యాపద రాగలదో నాకు మొన్నటి తొలి యేకాదశినాడు తెలియవచ్చినది.

మాది అచ్చంపేట. మా అత్తగారు చాలకాలముగా మధుమేహమునకు ఇన్సులిను సూది వేసికొనుచున్నారు. ఆనాడు ప్రొద్దున యథాప్రకారము సూది వేసికొని, ఉపవాసమని పచ్చి మంచినీళ్లైనను ముట్టలేదు. మధ్యాహ్నమునకు ఆమె యొడలెల్ల చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడసాగెను. “అమ్మాయీ, కాస్త బెల్లపుముక్క పెట్టవే” యని యడిగిరి. చక్కెర జబ్బు గలవారికి తీపి యెట్లు పెట్టుదునని నేను పెట్టనైతిని.

పొరుగింటి యబ్బాయి ఇంటనున్న గ్లూకోమీటరుతో పరీక్షింపగా 52 వచ్చెను. ఫోనులో వైద్యునికి చెప్పితిమి. ఆయన “హైపో!” అనిరి. హైపర్ అనగా హెచ్చని వినియుండుటచే ఇదియు నదియే యనుకొని నేను మఱింత బెదరితిని. “కాదమ్మా, తక్కువ! వెంటనే పంచదార నీళ్లు త్రాగింపుడు” అని ఆయన కేక వేసిరి. త్రాగించిన పావుగంటకు అత్తగారు తేరుకొనిరి.

పిమ్మట నిఘంటువు చూచితిని. రెండును గ్రీకు మాటలే. ‘హైపో’ యనగా క్రింద, ‘హైపర్’ అనగా మీద. ‘గ్లైకస్’ తీపి, ‘హైమా’ రక్తము. కనుక హైపోగ్లైసీమియా యనగా రక్తములో చక్కెర తగ్గుట. థైరాయిడు విషయమునను ఇదే భేదము: హైపో యన్న మందము, హైపర్ అన్న మిక్కుటము. ఈ మాటలు మన కంత దూరపువియు కావు. హైపర్‌కు మన ‘ఉపరి’యు, హైపోకు మన ‘ఉప’యు తోబుట్టువులని భాషావేత్తలు చెప్పుదురు. ఉపవాసములోని ‘ఉప’ యదియే! ఆనాడు ఆ యిద్దఱు తోబుట్టువులును మా యింటనే కలిసికొనిరి కాబోలు.

సోదరీమణులారా! ఇన్సులిను వాడువారికి చక్కెర 70కి తగ్గినచో మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి యియ్యవలెను; పావుగంటకు మరల పరీక్షింపవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఉపవాసమునకు ముందే సూదిమందు మాట వైద్యుని నడుగవలెను.

ఇప్పుడు మా యింట ఏకాదశినాడు అత్తగారు పలహారము చేయుదురు. దేవుడు కోపగింపడని ఆమెయే నాకు నచ్చజెప్పుచున్నారు.