ఉక్కుసీమలో రగ్బీ ముచ్చట్లు

ఏ దేశానికి వెళ్ళినా అక్కడి కోటలను, మ్యూజియములను చూచి రావడం పరిపాటి. అయితే ఆ దేశ ప్రజల మనసు తెలియాలంటే వారు ఏ విషయంపై గొంతు పెంచి వాదించుకుంటారో వినాలి. 2001 నవంబరులో రోలింగ్ మిల్లు పరికరాల తనిఖీ నిమిత్తం మా ముగ్గురు ఇంజనీర్లను సంస్థవారు బ్రిటన్‌లోని వేల్స్‌కు పంపినప్పుడు మాకు ఆ అవకాశం లభించింది. అక్కడ వాదమంతా రగ్బీ గురించే. అందులోనూ ఒకే ఒక ఆటగాణ్ణి గురించి.

మా బస పోర్ట్ టాల్బట్ పట్టణంలో. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ఎరిగినవారికి ఆ ఊరు పూర్తిగా కొత్తగా తోచదు. ఒక ప్రక్క సముద్రం, ఒక ప్రక్క కొండలు, నడుమ మైళ్ళ పొడవున కర్మాగారం. ఇళ్ళ పైకప్పుల ఎత్తున స్తంభాల మీద సాగిపోయే జాతీయ రహదారి. 1951లో ప్రారంభమైన ఆ కర్మాగారానికి సమీపంలోని పురాతన మఠాన్ని బట్టి ‘ఆబీ వర్క్స్’ అని పేరు పెట్టారు. దారి పొడవునా సూచికలన్నీ వెల్ష్‌లోనూ, ఆంగ్లంలోనూ ఉంటాయి. ముప్ఫై లక్షల జనాభా గల ఆ చిన్న దేశం తన భాషను, తన జట్టును సమాన శ్రద్ధతో కాపాడుకుంటుందని మాకు త్వరలోనే అర్థమైంది.

మేము చేరేసరికి ఊరు విషాదంలో ఉంది. నవంబరు 8న అక్కడి 5వ నంబరు బ్లాస్ట్ ఫర్నేస్‌లో పేలుడు సంభవించి ముగ్గురు కార్మికులు మరణించారు. బ్లాస్ట్ ఫర్నేస్‌లతో పరిచయం ఉన్న మాకు ఆ వార్త ఎంత దగ్గరిదో వేరుగా చెప్పనక్కరలేదు. సాయంత్రాలు పబ్బులో కూర్చున్న పెద్దలు మొదట ఆ ముగ్గురిని తలచుకునేవారు, కాసేపు మౌనంగా ఉండేవారు, తరువాత ఎవరో ఒకరు రగ్బీ ప్రసక్తి తెచ్చేవారు. దుఃఖం మరువడానికి కాక, దుఃఖంలో కూడా మాట్లాడుకోగల మాట అదొక్కటే కావడం వలన అని మాకు అనిపించింది.

పాఠకుల సౌకర్యార్థం ఆటను గురించి నాలుగు మాటలు. రగ్బీలో రెండు శాఖలున్నాయి. ఆటకు వెళ్ళి పోగొట్టుకున్న కూలి డబ్బును కార్మిక క్రీడాకారులకు చెల్లించవచ్చునా అన్న తగవుతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తర ఇంగ్లండు క్లబ్బులు విడిపోయాయి. ఆ విడిపోయిన శాఖే కాలక్రమాన ‘లీగ్’ అయింది. పాత శాఖ ‘యూనియన్’గా మిగిలింది. యూనియన్ జట్టులో 15 మంది, లీగ్ జట్టులో 13 మంది. లీగ్‌లో ఆరుసార్లు పట్టుబడిన తరువాత బంతిని ఎదుటి పక్షానికి అప్పగించాలి. యూనియన్‌లో అటువంటి లెక్క లేదు. పట్టుబడిన ప్రతిసారీ నేల మీది బంతి కోసం ఇరుపక్షాలు పెనుగులాడవలసినదే. కనుక బంతిని ఎప్పుడు చేత పట్టి పరుగెత్తాలి, ఎప్పుడు తన్ని ఎదుటివారి మైదానంలోకి నెట్టాలి అన్న నిర్ణయం యూనియన్‌లో ఎంతో విలువైనది. ఆ నిర్ణయం ప్రధానంగా పదవ నంబరు ఆటగాడిది. అతనిని ‘ఫ్లై హాఫ్’ అంటారు. వేల్స్‌లో ఆ చొక్కాకు ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు.

గనులలోను, ఉక్కు కొలుములలోను పనిచేసేవారి బిడ్డలు యూనియన్ ఆడి పేరు తెచ్చుకోవడం, కుటుంబ పోషణకై ఉత్తరాదికి వెళ్ళి లీగ్‌లో డబ్బు పుచ్చుకోవడం వేల్స్‌లో తరతరాల కథ. 1967లో డేవిడ్ వాట్కిన్స్, 1989లో జొనాథన్ డేవిస్ అలా వెళ్ళినవారే. వెళ్ళినవారికి స్వదేశపు యూనియన్ మైదానంలో మరి ప్రవేశం ఉండేది కాదు. 1995 ఆగస్టులో యూనియన్ కూడా వృత్తి క్రీడగా మారడంతో ఆ గోడ కూలింది. డేవిస్ ఆ సంవత్సరమే తిరిగి వచ్చాడు. వలస ప్రవాహం దిశ మార్చుకున్నది.

ఆ ప్రవాహంలో 2001లో వచ్చినవాడే ఇస్టిన్ హారిస్. పుట్టింది ఉత్తర ఇంగ్లండులోని ఓల్డమ్‌లో, మూలాలు వేల్స్‌లో. లీడ్స్ జట్టుకు నాయకుడు. 1998లో లీగ్ వారి అత్యున్నత పురస్కారమైన ‘మాన్ ఆఫ్ స్టీల్’ గెలుచుకున్నవాడు. ఉక్కు ఊరిలో ‘ఉక్కుమనిషి’ గురించిన చర్చ వింటూ మేము లోలోన నవ్వుకున్నాము. అతడు కార్డిఫ్ క్లబ్బులో చేరిన కొద్ది వారాలకే, యూనియన్‌లో కొద్దిపాటి అనుభవంతోనే, నవంబరు 10న అర్జెంటీనాపై జాతీయ జట్టులో పదవ నంబరు చొక్కా తొడిగారు. వేల్స్ 16-30 తేడాతో ఓడింది. అంతకు ముందు అక్టోబరులో ఐర్లాండు చేతిలో 6-36 పరాజయం. రెండూ సొంత గడ్డ మీదనే. 17వ తేదీన టాంగాపై 51-7తో గెలిచినా జనం సమాధానపడలేదు. 25న ఆస్ట్రేలియా రానున్నది.

ఆ వారం పబ్బులో జరిగిన వాదోపవాదాలను మేము నిమ్మరసం గ్లాసులతో శ్రద్ధగా విన్నాము. అక్కడి ముఖ్యులు ముగ్గురు: కొలిమి వద్ద ముప్ఫై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఫోర్‌మన్, ఒక బడి పంతులు, క్రేను నడిపే ఒక యువకుడు.

“అతణ్ణి పదవ స్థానంలోనే ఉంచండి, ఆట తానే నేర్చుకుంటాడు. జేసన్ రాబిన్సన్ నేర్చుకోలేదా?” అన్నాడు యువకుడు. అతని వాదానికి బలం లేకపోలేదు. విగన్ లీగ్ జట్టు నుండి 2000లో యూనియన్‌కు వచ్చిన రాబిన్సన్, 2001 వేసవిలో బ్రిటిష్ లయన్స్ తరఫున ఆస్ట్రేలియాపై ట్రైలు సాధించి అందరి నోళ్ళూ మూయించాడు.

“రాబిన్సన్ ఆడేది మైదానం అంచున. బంతి చేతికి వస్తే పరుగెత్తాలి, అంతే. అక్కడ కాళ్ళు తెలిస్తే చాలు. పదవ స్థానంలో వానను, గాలిని, ఎదుటివాడి భుజాన్ని కూడా చదవాలి. ఆ చదువు పన్నెండో ఏట మొదలుపెట్టాలి” అన్నాడు పంతులు. హారిస్‌ను ప్రక్కనున్న సెంటరు స్థానానికి జరిపి, లనెల్లి యువకుడు స్టీఫెన్ జోన్స్‌కు పదవ చొక్కా ఇవ్వాలని ఆయన మతం.

ఫోర్‌మన్ చాలాసేపు వింటూ కూర్చున్నాడు. తరువాత మా వైపు తిరిగి, “మీరు ఇంజనీర్లు కదా, మీరే చెప్పండి. ఒక పెద్ద పంపు కొన్నారు, మంచిదే. స్టాండ్‌బై లేదు. దానిని నడిపించగలరు గాని, నిద్రపోగలరా?” అని అడిగాడు. మేము లేదన్నాము. “మా సంగతీ అంతే. ఇతడు బాగా ఆడతాడా లేదా అని ఊరంతా అడుగుతున్నది. ఇతడికి మోకాలు విరిగితే ఎవరు అని ఎవ్వరూ అడగడం లేదు. నీల్ జెంకిన్స్ ఈ ఏడే వెయ్యి పాయింట్లు దాటాడు, నిజమే. అతడికి ముప్ఫై నిండాయి. ఒకప్పుడు ఒక్కొక్క లోయలో ఒక్కొక్క పదవ నంబరువాడు ఉండేవాడు. గనులు మూశారు, ఆ లోయలలో కుర్రవాళ్ళు తగ్గారు” అన్నాడు. యువకుడు బదులు చెప్పబోయి ఊరకున్నాడు. అతని తాతగారు గని పనివారని తరువాత తెలిసింది.

ఆదివారం నాటి ఆటకు మాకు టిక్కెట్లు దొరకలేదు. అయినా రైలులో కార్డిఫ్ వెళ్ళి, టాఫ్ నది ఒడ్డున, స్టేషనుకు కూతవేటు దూరంలో 1999లో నిర్మించిన మిలీనియం స్టేడియమును వెలుపలి నుండి చూచి వచ్చాము. సుమారు 74 వేలమంది కూర్చునే మైదానంపై తెరచి మూయగల ఉక్కు కప్పు వేసిన ఇంజనీర్లకు మనసులోనే నమస్కరించాము. ఆట పబ్బులో టీవీ మీదనే చూశాము. దేశగీతం మొదలుకాగానే, అప్పటివరకు పరస్పరం తిట్టుకుంటున్నవారు లేచి నిలబడి ఒకే గొంతుతో పాడారు. వేల్స్ 13-21తో ఓడింది. ఓడినా పోరాడారన్న తృప్తితో పంతులు, యువకుడు కలిసి బయటికి నడిచారు.

తరువాతి చరిత్ర ఫోర్‌మన్ పక్షానే నిలిచింది. 2002 ఫిబ్రవరిలో డబ్లిన్‌లో ఐర్లాండు 54-10తో గెలవడంతో శిక్షకుడు గ్రహమ్ హెన్రీ పదవి వదిలాడు. హారిస్ అసమర్థుడు కాడు. సెంటరు స్థానంలో కుదురుకుని, 2003 ప్రపంచ కప్పులో ఆడి, మొత్తం 25 పర్యాయాలు వేల్స్‌కు ప్రాతినిధ్యం వహించి, 2004లో లీగ్‌కు తిరిగి వెళ్ళాడు. అదే 2003 నవంబరు 22న సిడ్నీ ఫైనల్‌లో ఇంగ్లండు ఆస్ట్రేలియాను 20-17తో ఓడించినప్పుడు, ఇంగ్లండు చేసిన ఏకైక ట్రై రాబిన్సన్‌దే. ఇద్దరూ లీగ్ నుండి వచ్చిన మేటి ఆటగాళ్ళే. ఒకరు అన్ని స్థానాలూ నిండిన జట్టులో తనకు తగిన చోట చేరాడు. మరొకరిని ఖాళీ చోటు నింపడానికి, ఆపైన దేశాన్ని మోయడానికి పిలిచారు.

వేల్స్ 2003లో క్లబ్బులను కలిపి ప్రాంతీయ జట్లుగా పునర్వ్యవస్థీకరించింది. 2005లో, 27 ఏళ్ళ తరువాత, గ్రాండ్ స్లామ్ సాధించింది. హారిస్ అప్పటికి జట్టులో లేడు. పదవ చొక్కా స్టీఫెన్ జోన్స్‌ది. పంతులు గుర్తుకు వచ్చాడు. కాని మనుషులను తయారుచేయడం ఒకసారి చేసి మరచిపోయే పని కాదు. 2023 అక్టోబరు తరువాత అదే వేల్స్ వరుసగా 18 అంతర్జాతీయ ఆటలు ఓడి, 2025 జూలైలో జపాన్‌లోని కోబేలో 31-22తో గెలిచి ఊపిరి పీల్చుకున్నది.

ఇక ఆ ఊరి కర్మాగారం 2007లో మన దేశపు టాటా స్టీల్ చేతికి వచ్చింది. 2024లో, జూలైలో ఒకటి, సెప్టెంబరు 30న రెండవది, అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్‌లు రెండూ శాశ్వతంగా ఆగిపోయాయి. వాటి స్థానంలో ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ నిర్మాణం 2025లో ఆరంభమైంది. దానికి మునుపటంత మంది పనివారు అవసరం లేదు. గనులు మూసిన లోయలను గురించి ఫోర్‌మన్ చెప్పిన మాట ఇప్పుడు ఆయన ఊరికే వర్తించే రోజు వచ్చింది.

మన సంస్థలలోనూ బయటి నుండి వచ్చే నిపుణుని కోసం ఎదురుచూపులు, అతడు వచ్చాక అతని మీద వాదోపవాదాలు కొత్త కావు. వచ్చిన నిపుణుని గౌరవించవలసినదే, తగిన స్థానంలో ఉంచవలసినదే. అయితే ప్రతి షిఫ్టులో సీనియరు ప్రక్కన నిలబడి పని నేర్చుకుంటున్న కుర్రవాడు ఒకడు ఉన్నాడా అని చూచుకోవడం మరింత ముఖ్యమని, రగ్బీ ఓనమాలు కూడా తెలియని మేము ఆ పబ్బులో నేర్చుకుని వచ్చాము.