చుక్కాని దగ్గరి లూజు

మోడల్ పడవ తిన్నగా పోవడం లేదనగానే చుక్కానిని తిప్పే సర్వో మోటారు మార్చమనే సలహా వింటే నాకు మహా చిరాకు. సర్వో చాలావరకు తన పని తాను చేస్తూనే ఉంటుంది. దాని కదలికను చుక్కాని దాకా చేరనివ్వకుండా దారిలో మింగేసేది ఆ రెంటినీ కలిపే లింకేజీ. ఆర్మ్‌కున్న చిల్లు కంటే పుష్ రాడ్ తీగ సన్నగా ఉంటే ఆ సందంతా చుక్కాని దగ్గర ప్లేగా, అంటే లూజుగా తేలుతుంది. లెక్క కట్టి చూడండి: చుక్కాని ఇరుసుకు 10 మి.మీ. దూరాన ఉన్న చిల్లులో 0.3 మి.మీ. సందుంటే చుక్కాని ఇంచుమించు 1.7 డిగ్రీలు ఊగులాడుతుంది. అదే చిల్లు 20 మి.మీ. దూరాన వేస్తే ఊగులాట సగానికి పడిపోతుంది. కాబట్టి చుక్కాని ఇరుసుకు బిగించే టిల్లర్ ఆర్మ్ పొడుగ్గా ఉండాలి, సర్వో ఆర్మ్ కూడా దానికి సమంగా ఉండాలి. రిమోట్ స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు తీగ రెండు ఆర్మ్‌లకూ 90 డిగ్రీల్లో నిలవాలి. అప్పుడే కుడికెంత తిరిగితే ఎడమకూ అంతే తిరుగుతుంది.

ఆర్మ్‌లు పొడిగిస్తే సర్వోకు భారం కాదా అని అడుగుతారు. రెండూ ఒకేలా పొడిగిస్తే సర్వో మీద భారం మారదు, తీగ మోసే బలం తగ్గుతుంది కూడా. టిల్లర్‌ని కాస్త ఎక్కువ పొడిగించి తిరుగుడు తగ్గినా బెంగ లేదు. పెద్ద ఓడల చుక్కానులే సాధారణంగా అటూ ఇటూ 35 డిగ్రీలు దాటవు. ఇక రిమోట్‌లోని ట్రిమ్‌తో సరిచేస్తే పోదా అనేవాళ్ళున్నారు. ట్రిమ్ మధ్యస్థానాన్ని జరుపుతుందే తప్ప ప్లేను తగ్గించదు. నీటి ఒత్తిడే చుక్కానిని ఒక పక్కకు నొక్కి పట్టదా అన్న ప్రశ్నలో కొంత నిజముంది. కానీ రేకులో కొంత భాగం ఇరుసుకు ముందుండే బ్యాలెన్స్‌డ్ చుక్కాని మీద ఆ నొక్కుడు బలహీనం. తిన్నగా పోవాల్సినప్పుడే ఆ చుక్కాని వణుకుతుంది. తీగ వంగిపోతోందని మందం పెంచేవాళ్ళు ముందు ఆధారం సంగతి చూడాలి. ఆధారం లేని పొడవు రెట్టింపైతే వంగకుండా తట్టుకునే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. నడుమ ఒక చిన్న గొట్టం బిగించి, అందులోంచి తీగను పోనిస్తే చాలు.

చుక్కానిని తిప్పే ఏర్పాటుకు పేరు దక్కకపోవడం ఇప్పటిది కాదు. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా రేడియోతో పడవ నడిపి చూపాడు. దాని గురించి రాసేవాళ్ళంతా వైర్‌లెస్ గొప్పతనమే చెబుతారు. చుక్కాని తిప్పడానికే ఆ పడవలో ఒక మోటారు పెట్టాడన్న సంగతి మాత్రం ఎక్కడో గాని కనిపించదు.