పద్దెనిమిది నిమిషాలకు నాలుగు గాజులు

"అక్కా, నువ్వన్నా వచ్చి వాడికి నాలుగు మాటలు చెప్పు. నా మాట యాడ ఇంటాడు?" అని చిత్తూరు నుంచి మా చెల్లెలు ఫోను చేసింది.

నాలుగు మాటలు అనేసరికి నాకు నాలుగు గాజులు గుర్తొచ్చాయి. దాని పెళ్ళికి మా నాన్న చేయించిన గాజులు. ఇప్పుడవి బ్యాంకులో కుదువ ఉన్నాయి. ఆ డబ్బుతో దాని కొడుకు సినిమా తీశాడు. సినిమా అంటే మూడు గంటలది అనుకునేరు. పద్దెనిమిది నిమిషాలది. నేను ఊరికే ఉండలేక లెక్క వేశాను కూడా. గాజు ఒక్కింటికి నాలుగున్నర నిమిషాలు పడింది.

పిల్లవాడు ఇంజనీరింగు చదివి, బెంగుళూరులో రెండేళ్ళు ఉద్యోగం చేసి, మానేసి వచ్చాడు. వెనకటికి సినిమా పిచ్చి పట్టిన పిల్లలు ఇంట్లో చెప్పకుండా మద్రాసు రైలెక్కేవాళ్ళు. ఇప్పటివాళ్ళు ఇంట్లోనే కూర్చుని, అమ్మ పెట్టిన సంగటీ ఊరిబిండీ తింటూ తీస్తున్నారు. ఏది నయమో మీరే చెప్పండి.

తిరుపతిలో బస్సెక్కాను. 2022లో మా తిరుపతి వేరే జిల్లా అయిపోయింది గానీ, అక్కచెల్లెళ్ళ మధ్య హద్దురాయి ఎవరు పాతగలరు? చిత్తూరు చేరేదాకా మందలింపు వల్లె వేసుకుంటూనే ఉన్నాను.

వెళ్ళేసరికి వాడితోపాటు ఒక అమ్మాయి కూడా ఉంది. తనూ షార్ట్ ఫిల్ములు తీస్తుందట. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సీజను పనికి పోయే ఆడవాళ్ళ మీద తొమ్మిది నిమిషాల సినిమా తీసిందట.

"తొమ్మిదేనా?" అన్నాను.

"లోపలికి రానీలేదాంటీ. గేటు బయటే నిలబడి తీసినా. పొద్దున బస్సు దిగేటప్పుడు వాళ్ళ చేతులు, సాయంత్రం ఎక్కేటప్పుడు వాళ్ళ చేతులు. అంతే సినిమా."

నా మందలింపులో మొదటి ముక్క అక్కడే జారిపోయింది. అయినా పట్టు విడవకుండా మావాడి మీదికి వెళ్ళాను. "షార్ట్ ఫిల్మ్ అంటే ఏమిట్రా? డబ్బు చాలక మధ్యలో ఆపేసిన సినిమానా?"

"నువ్వు వారం వారం చదివే కథల్ని సగంలో ఆగిపోయిన నవలలంటావా పెద్దమ్మా?" అన్నాడు వాడు. నిజమే. పైగా ఆస్కార్ వాళ్ళు నలభై నిమిషాల దాకా ఉన్నదాన్ని షార్ట్ ఫిల్ముగానే ఒప్పుకుంటారట, పేర్లు వేసే సమయంతో కలిపి. అంటే మావాడికి ఇంకా ఇరవై రెండు నిమిషాల జాగా ఉందన్నమాట. గాజులే లేవు.

ఈ సినిమాలు ఎక్కడ ఆడతాయంటే, ఫెస్టివల్స్‌లో అన్నారు ఇద్దరూ ఒకేసారి. జర్మనీలో ఓబర్‌హౌజెన్ అనే ఊళ్ళో 1954 నుంచీ పొట్టి సినిమాలకే ఒక పండగ జరుగుతోందట. ఫ్రాన్సులో క్లెర్మాఁ ఫెరాఁలో ఇంకొకటి. మన దేశంలో 1990లో బొంబాయిలో మొదలైనదొకటి, 2008లో తిరువనంతపురంలో మొదలైనదొకటి. సినిమాని కంప్యూటరులోనే పంపిస్తారు. చాలా చోట్ల దానికి ప్రవేశ రుసుము కట్టాలి.

"ఎవరు, వాళ్ళు నీకా?"

"లేదు పెద్దమ్మా, మనమే వాళ్ళకి."

పెళ్ళిచూపులకు పిల్లను తీసుకుపోయి, చూసినందుకు ఎదురు డబ్బిచ్చి వచ్చినట్టుంది నాకు. పైగా వీటిలో దొంగపండగలు కూడా ఉంటాయని ఆ అమ్మాయి చెప్పింది. హాలు ఉండదు, తెర ఉండదు, చూసేవాళ్ళు ఉండరు. నెలనెలా అవార్డు ప్రకటించి సర్టిఫికెట్టు పంపిస్తారు. ట్రోఫీ కావాలంటే దానికి వేరే డబ్బు. మావాడికి అలాంటివి రెండు వచ్చాయి. అసలు పండగల్లో ఒక్కచోట మాత్రం ఎంపికైంది. రైలు ఖర్చు పెట్టుకుని వెళ్ళి చూసుకుని వచ్చాడు. హాల్లో ఎంతమంది ఉన్నారని అడిగితే, "నలభై మంది ఉండారు" అని కాసేపాగి, "వాళ్ళలో సగంమంది తర్వాత సినిమా వాళ్ళ చుట్టాలు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు.

ఇక వాడి వేదం మొదలైంది. రాజ్, డీకే ఇద్దరూ మన తిరుపతి, చిత్తూరు పిల్లలే. శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళారు. 2002లో 'షాదీ డాట్ కామ్' అని ఒక షార్ట్ ఫిల్మ్ తీశారు, మరుసటి ఏడే 'ఫ్లేవర్స్' తీశారు, 'ఫ్యామిలీ మ్యాన్' దాకా వెళ్ళారు. 2021లో వచ్చిన 'సినిమా బండి'కి నిర్మాతలు కూడా వాళ్ళే. అది నేనూ చూశాను. ఆటో నడుపుకునేవాడికి ఎవరో మరిచిపోయిన కెమెరా దొరికితే, ఊరంతా కలిసి సినిమా తీయబోయే కథ. మన సరిహద్దు పల్లెల మాట అందులో ఎంత బాగా వినిపిస్తుందో!

"అంతా బాగానే ఉందిరా. కానీ వాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ తీశారు," అన్నాను. వంటింట్లోంచి మా చెల్లెలు దగ్గింది. అంటే మార్కు పడిందన్నమాట.

అమ్మాయి మావాడికి సాయం వచ్చింది. దీపక్ రెడ్డి తీసిన 'మనసానమః' అనే తెలుగు షార్ట్ ఫిల్ముకి 513 అవార్డులొచ్చి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది, తెలుసా ఆంటీ అంది.

"513 అవార్డులకి ఎన్ని గాజులొస్తాయో కనుక్కో!" అంది మా చెల్లెలు లోపలినుంచే.

"సత్యజిత్ రే కూడా నగలు కుదువ పెట్టే 'పథేర్ పాంచాలి' తీశాడమ్మా!"

"ఆయన పెట్టింది పెళ్ళాం నగలు. అమ్మవి కాదు గదా!"

కాఫీ గ్లాసులు తెచ్చే మిషతో వంటింట్లోకి వెళ్ళాను. దాని చేతులకి మట్టిగాజులున్నాయి. ఎర్రవి, అరడజను. చూసి నా మనసు కలుక్కుమంది. "వాడు అడగంగానే ఎట్లా ఇచ్చేశావే?" అన్నాను గొంతు తగ్గించి.

"వాడు అడగలేదక్కా. నేనే ఇచ్చినా. అడగలేక ఆర్నెల్లు తిరుగులాడినాడు."

"మరి నన్నెందుకు పిలిచావు?"

అది పాలగిన్నె మీద మూత సర్ది, మళ్ళీ తీసి, మళ్ళీ సర్దింది. "సినిమా అయిపోయి ఏడాదయింది. నాకు చూపించలా. యాడో ఉండేవాళ్ళందరికీ పంపించినాడు. అడిగితే, 'నీకు బోరు కొడుతుంది లేమ్మా' అంటాడు."

నేను వల్లె వేసుకొచ్చిందంతా ఆ వంటింట్లోనే వదిలేశాను. ముందు గదిలోకి వచ్చి, "లాప్‌టాప్ పెట్టరా. ఇప్పుడే చూడాలి," అన్నాను. వాడి మొహం పరీక్ష ఫలితాల రోజు ఉండేలా అయింది.

సినిమా పలమనేరు వైపు ఒక పల్లెలో తీశాడు. మా జిల్లాలో ధర్మరాజుల గుళ్ళున్న ఊళ్ళలో ఎండాకాలంలో భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులపాటు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసిరితే, పిల్లలు లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టి నిలబడతారు. చివరిరోజు మట్టితో చేసిన దుర్యోధనుడు పడతాడు, ద్రౌపది జుట్టు ముడివేసుకుంటుంది. చిన్నప్పుడు మా అమ్మ చాప చంకన పెట్టుకుని, మమ్మల్నిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని తీసుకుపోయేది. తెల్లవార్లూ కూర్చునేవాళ్ళం.

మావాడి సినిమా ద్రౌపది వేషం కట్టే ఒక ముసలాయన గురించి. పగలు ఆవు పాలు పితుకుతాడు, సాయంత్రం మొహానికి అరదళం పూసుకుంటాడు. మాటలు తక్కువ. ఒకచోట ఆయన అద్దం ముందు నిలబడి ఉంటే, పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి చీర కుచ్చిళ్ళు సర్ది, పిన్నీసు పెట్టి వెళ్ళిపోతుంది. నల్లటి చెయ్యి, మట్టిగాజులు.

సినిమా అయిపోయింది. మా చెల్లెలు బాగుందనీ అనలేదు, బోరనీ అనలేదు. "ఆ చెయ్యి ఎవరిది?" అంది.

"వాళ్ళావిడదమ్మా. ముప్పై ఏళ్ళుగా ఆమే కట్టేది. కెమెరా ముందుకి రమ్మంటే రాలా."

"పేర్లలో ఆమె పేరు లేదే?"

వాడు అమ్మాయి వైపు చూశాడు. "నేను అప్పుడే చెప్పినా కదా!" అంది ఆ పిల్ల.

నాకు ఫాల్కే గుర్తొచ్చాడు. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీస్తే, తారామతి వేషానికి ఆడవాళ్ళు దొరక్క సాళుంకే అనే వంటవాడికి చీర కట్టించాడు. ఆ సినిమా కోసం ఫాల్కే భార్య సరస్వతీబాయి నగలు పోయాయి. యూనిట్‌కంతటికీ ఆమే వండిపెట్టింది, రాత్రులు ఫిల్ముకి రంధ్రాలు కొట్టే పనిలో కూడా కూర్చుంది. ఇదంతా చెబితే మావాడు మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత పేర్లు మార్చానని ఫోను చేశాడు.

నెల తిరక్కుండా వాణ్ణి వెంటబెట్టుకుని ఆ పల్లెకి వెళ్ళాం. వాళ్ళ వాకిట్లో, రెండు కొబ్బరిచెట్ల మధ్య దుప్పటి కట్టి సినిమా వేశాడు. ఊళ్ళోవాళ్ళు చాపలతో వచ్చారు. నలభై మంది కంటే ఎక్కువే, ఎవరూ తర్వాత సినిమా చుట్టాలు కారు. ఆ చెయ్యి తెరమీదికి రాగానే పిల్లలు "అవ్వ! అవ్వ!" అని అరిచారు. చివర 'చీర కట్టింది' అని ఆమె పేరు పడింది. ఆవిడ చదవలేదు. మనవరాలు చదివి చెప్పింది.

ఎట్లా ఉందని అడిగాను.

"ఆ పొద్దు పిన్నీసు సరింగా పడలేదమ్మా," అంది ఆవిడ. "మళ్ళా ఇంగోసారి తియ్యమంటే, ఈ అబ్బయ్య వద్దన్నాడు."

మా చెల్లెలు ఆవిడ పక్కనే చాపమీద కూర్చుని, ఆ చీర ఎక్కడ కొన్నారని మొదలుపెట్టి, ఏదేదో మాట్లాడుతూనే ఉంది. నిర్మాత అని వాడి పేరే ఉందన్న సంగతి నేను గమనించాను. అది గమనించిందో లేదో నేనడగలేదు. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. వాడు మాత్రం పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తూ వడ్డీ కడుతున్నాడు.

తిరుగు దారిలో కారు నడుపుతూ, "పెద్దమ్మా, ఇంకో కథ ఉంది. ఇది ఇరవై నిమిషాలొస్తుంది," అన్నాడు.

నేను చీర కొంగు ముంజేతుల మీదికి లాక్కుని, "చెప్పు నాయనా, వింటాను," అన్నాను.